ఎండ కాసే బాల్కనీలో కుండీ టమోటా: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతిలో మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండు దాటాక బండల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. ఆరేళ్లుగా అక్కడే కుండీల్లో టమోటా వేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు, చుట్టాలు, వాళ్లకు తెలిసినవాళ్లు అడుగుతూ వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇంత ఎండలో టమోటా వస్తుందా?

వస్తుంది, బాగా కాస్తుంది. కాకపోతే పన్నెండు నెలలూ కాదు. టమోటాకు ఎండ కావాల్సిందే. రోజుకు ఐదారు గంటలు ఎండ తగలకపోతే మొక్క సన్నగా సాగుతుంది గానీ కాయదు. దాన్ని దెబ్బతీసేది వేడి. అందులో రెండు ఉన్నాయి. ఒకటి కుండీ కాగి వేరుకు తగిలే వేడి, రెండోది రాత్రయినా తగ్గని వేడి. మొదటిదాన్ని చాలావరకు మనం తగ్గించుకోవచ్చు. రాత్రి ఉక్కను మాత్రం ఏమీ చేయలేం. అందుకే నెల చూసుకుని విత్తనం వేయాలి.

మరి విత్తనం ఎప్పుడు వేయాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పూత ఏ నెలలో రావాలో ముందు అనుకోండి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టండి. విత్తనం మొలవడానికి వారం, నారు నాటేంత కావడానికి ఇంకో మూడు నాలుగు వారాలు, నాటాక పూతకు నెల, పూత నుంచి పండుకు ఇంచుమించు నెలన్నర. మనకు రాత్రిళ్లు చల్లగా ఉండేది నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా. పూత ఆ మూడు నెలల్లో పడాలి.

నేను పండగలతో గుర్తుపెట్టుకుంటాను. వినాయక చవితికి విత్తనం, దసరాకు నాటు, దీపావళి వెళ్లాక పూత, సంక్రాంతికి పండు. పండగ ఏటా కొన్ని రోజులు ముందూ వెనకా అయినా ఈ లెక్క పెద్దగా తప్పదు. దీపావళప్పుడు ఇంకో నాలుగు విత్తనాలు వేస్తే రెండో విడతగా మార్చి దాకా కాయలు దొరుకుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. ఆ తర్వాత వచ్చే పూత మీద ఆశ పెట్టుకోవద్దు.

చిత్తూరులో ఉన్నవాళ్లకు కొంచెం వెసులుబాటు ఉంది. ఊరు తిరుపతి కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి రాత్రిళ్లు త్వరగా చల్లబడతాయి, చివర్లో ఇంకో రెండు వారాలు కలిసొస్తాయి.

పూత బాగా వస్తోంది, అంతా రాలిపోతోంది. ఏ మందు కొట్టాలి?

ఏ నెలలో రాలుతోందో చూసుకోండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24, 25 కిందికి దిగకపోతే టమోటా పుప్పొడి చెడిపోతుంది. పిందె కట్టదు. పువ్వు కాడలో గణుపులా ఉండే చోట పసుపు రంగు తిరిగి, తాకితే రాలిపోతుంది. మే నెలలో మన దగ్గర చాలా రాత్రిళ్లు 27, 28 కంటే దిగవు. అప్పుడు ఏ మందూ పనిచేయదు.

మొదటి ఏడాది నేను శివరాత్రికి విత్తనం వేశాను. ఏప్రిల్‌కు మొక్కలు నడుమెత్తు పెరిగాయి, ఒక్కో గుత్తికి ఆరేడు పువ్వులు. పొద్దున లేచి చూస్తే బండల మీద పసుపు పువ్వులు రాలి ఉండేవి. ఒక అంగడికి వెళ్లి అడిగితే పూత నిలబడే మందు ఇచ్చారు. అది అయ్యాక ఇంకొకటి ఇచ్చారు. రెండూ కొట్టాను, ఒక్క పిందె కూడా నిలవలేదు. మొక్కకు తెగులేమో, మట్టి మంచిది కాదేమో అని నెలంతా టెన్షన్ పడ్డాను. తెగులూ లేదు, మట్టిలో లోపమూ లేదు, నెల తప్పు. ఎవరు అడిగినా మందు కంటే ముందు నెల గురించి చెప్పేది అందుకే.

చలికాలంలో కూడా రాలుతుంటే కారణం వేరే ఉంటుంది. ఎరువు ఎక్కువై ఆకు బలిసి ఉండొచ్చు, మట్టి ఒక రోజు ఎండి ఒక రోజు మునిగి ఉండొచ్చు, లేదా బాల్కనీకి గాలి ఆడకపోవచ్చు. టమోటా పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. పువ్వు కదిలితే చాలు, పుప్పొడి లోపలే రాలి పిందె కడుతుంది. పొలంలో ఆ పని గాలి చేస్తుంది. గోడల మధ్య బాల్కనీలో మనం చేయాలి. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య పూగుత్తి కాడను వేలితో రెండు మూడు సార్లు మెల్లగా తట్టండి. నేను కాఫీ కప్పు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లినప్పుడే ఆ పని చేసేస్తాను.

మదనపల్లిలో ఎండాకాలమంతా టమోటా పండుతుంది కదా, మనకెందుకు రాదు?

మదనపల్లి సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ కాసినా రాత్రికి గాలి చల్లబడుతుంది, పూత నిలుస్తుంది. అంత పెద్ద టమోటా మార్కెట్ అక్కడ ఏర్పడటానికి నేలా రైతుల కష్టమూ ఎంత కారణమో, ఆ ఎత్తు కూడా అంతే కారణం. తిరుపతి కొండ కింద ఉంది. పగలంతా కాగిన కొండా సిమెంటూ రాత్రి ఆ వేడిని మన మీదికే వదులుతాయి. ఒకప్పుడు రెండూ ఒకే జిల్లా. వాతావరణం మాత్రం ఎప్పుడూ ఒకటి కాదు. అక్కడి చుట్టాలు చెప్పిన తేదీలు ఇక్కడ పాటించకండి.

ఏ రకం వేసుకోవాలి?

బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ నా మొదటి ఎంపిక. ఆకుముడత వైరస్‌నూ, బాక్టీరియా ఎండు తెగులునూ, ఆకుమాడు తెగులునూ మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ అది. బాల్కనీలో మందులు కొట్టడం ఇష్టం లేనివాళ్లకు దానికంటే మంచిది నేను చూడలేదు. గింజలు దాచుకుని మళ్లీ వేసుకోవాలనుకుంటే అర్క వికాస్ వేయండి, అది హైబ్రిడ్ కాదు, నీటి ఎద్దడిని కూడా ఓర్చుకుంటుంది. పులుపు కావాలంటే తమిళనాడు పెరియకులంలో తయారైన పీకేఎం 1 ఉంది. కాయ అడ్డంగా, చారలు తేలి, మన నాటు టమోటాలాగే ఉంటుంది. మా పెద్దమ్మ తక్కాలిపండు అని పిలిచేది ఆ ఆకారాన్నే.

చెర్రీ టమోటా మాత్రం అందరూ ఒక కుండీలో వేసుకోండి. చిన్న కాయ రకాలు వేడిలో కాస్త ఎక్కువ కాలం పిందె కడతాయి. పెద్దవి ఆగిపోయాక కూడా నాకు నాలుగు వారాలు చెర్రీలు దొరికాయి.

అంగట్లో కొన్న పండు గింజలు వేస్తే మొలుస్తాయా?

మొలుస్తాయి. అయితే మార్కెట్‌కు వచ్చేవి చాలావరకు హైబ్రిడ్లు. వాటి గింజల నుంచి వచ్చే మొక్క తల్లిలా ఉండదు, ఒక్కోటి ఒక్కో రకంగా కాస్తుంది. పిల్లలకు చూపించడానికైతే వేయండి. మూడు నెలలు నీళ్లు పోసి పెంచేదానికి మాత్రం విత్తన ప్యాకెట్ కొనుక్కోవడం మేలు.

కుండీ ఎంతది ఉండాలి? ప్లాస్టిక్ మంచిదా, మట్టిదా?

ఒక మొక్కకు 20 లీటర్లు. అంతకు తగ్గితే మన ఎండలో మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతుంది. ఒకే కుండీలో రెండు మొక్కలు వేయాలనే ఆశ అందరికీ ఉంటుంది, వేయకండి.

నేను వాడేది ఖాళీ పెయింట్ బకెట్లు. తెల్లగా ఉంటాయి కాబట్టి ఎండకు తక్కువ కాగుతాయి, పిడి ఉంటుంది, పాత సామాన్ల అంగట్లో చవకగా దొరుకుతాయి. లోపల అంటిన పెయింట్ పూర్తిగా గీకి కడిగి, అడుగున ఎనిమిది రంధ్రాలు, అడుగుకు అంగుళం పైన చుట్టూ ఇంకో నాలుగు పెట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీ, నల్ల గ్రో బ్యాగ్ పడమటి ఎండకు పనికిరావు. మధ్యాహ్నం మూడింటప్పుడు ఒకసారి నల్ల కుండీ అంచు పక్కన మట్టిలో వేలు పెట్టి చూడండి. మీ వేలు భరించలేని వేడిని వేరు మాత్రం ఎలా భరిస్తుంది? ఇప్పటికే కొనేసి ఉంటే చుట్టూ గోనెసంచి చుట్టి దాన్ని తడుపుతూ ఉండండి, లేదా తెల్ల సున్నం కొట్టండి. మట్టి కుండీ చల్లగా ఉంటుంది గానీ నీళ్లు త్వరగా లాగేస్తుంది, బరువు కూడా.

ఏ కుండీ అయినా నేరుగా బండల మీద పెట్టకండి. రెండు ఇటుకల మీద నిలబెడితే అడుగున గాలి ఆడుతుంది, నీళ్లు దిగుతాయి, కింది వేడి పైకి రాదు. కుండీలన్నీ దగ్గరదగ్గరగా పెట్టి, ఎండ తగిలే బయటి వరుసలో కలబందో మరే మొండి మొక్కో ఉంచండి. దాని నీడ టమోటా కుండీ ఒంటి మీద పడితే చాలు.

మట్టి ఎలా కలపాలి?

మన ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన దిబ్బ ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. బకెట్‌కు రెండు గుప్పిళ్లు వేపపిండి. కొబ్బరి పొట్టును ముందు రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండేయాలి, దాంట్లో ఉప్పు ఉంటుంది. ఎరువు పచ్చిగా ఉంటే వేరు మాడిపోతుంది. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకుండా మట్టి వాసన రావాలి.

నాటేటప్పుడు నారును మొదటి ఆకుల దాకా లోతుగా పెట్టండి. మట్టిలోకి పోయిన కాండం అంతా వేర్లు వేస్తుంది.

బాల్కనీ అంత బరువు మోస్తుందా?

తడిసిన 20 లీటర్ల కుండీ దాదాపు 25 కిలోలు ఉంటుంది. కుండీలను గోడ వైపు, మూలల్లో పెట్టండి, బయటి అంచు మీద వరుస కట్టకండి. పిట్టగోడ మీద, రెయిలింగ్‌కు వేలాడేసి మాత్రం ఎప్పుడూ వద్దు. మనకు తుపాను గాలులు ఉన్నాయి, కింద మనుషులు నడుస్తుంటారు. పాత ఇల్లయితే పది కుండీలు పెట్టే ముందు ఇంటి యజమానినీ ఇంజినీరునూ అడగండి.

నీళ్లు రోజుకు ఎన్నిసార్లు పోయాలి?

లెక్క చెప్పలేను, చెప్పినా పాటించకండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయండి. డిసెంబరులో ఒక్కోసారి రెండు రోజులకు ఒకసారి సరిపోతుంది. మార్చిలో కాయలతో ఉన్న పెద్ద మొక్క రోజుకు మూడు లీటర్లు తాగేస్తుంది, పొద్దునా సాయంత్రమూ పోయాలి.

పొద్దున ఏడింటిలోపు పోయడం అన్నిటికంటే మంచిది. ఎండకు పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు కాగి ఉంటాయి, వాటిని ముందు బకెట్‌లోకి వదిలేయండి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయి కనిపిస్తే కంగారుపడి పోయకండి. మట్టి తడిగా ఉండి ఆకు వాలిందంటే మొక్క ఎండ నుంచి తనను కాపాడుకుంటోందని అర్థం, సాయంత్రం ఆరింటికల్లా నిటారుగా లేస్తుంది. సాయంత్రానికీ లేవకపోతే అప్పుడు ఆలోచించాలి.

నీళ్లంత ముఖ్యమైనది మట్టి మీద కప్పు. మూడు అంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరిచి చూడండి. మన జిల్లాలో దానికి కరువు లేదు. వేయించిన ఉప్పు చెనక్కాయలది కాకుండా పచ్చి కాయలు ఒలిచిన పొట్టు వాడండి. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు కూడా పనికొస్తాయి. కాండానికి మాత్రం రెండు వేళ్ల ఎడం వదలండి.

మాకు బోరు నీళ్లే. కుండీ అంచున తెల్లగా పేరుకుంటోంది.

అవి ఉప్పులు. నెలకు ఒకసారి కుండీలోకి మామూలుకు మూడింతలు మంచినీళ్లు నిదానంగా పోసి, ఉప్పు కింది నుంచి కారిపోయేలా చేయండి. వాన పడితే బకెట్లు బయట పెట్టి పట్టుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లు వాడొచ్చు, వాటిలో ఉప్పు ఉండదు. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు వాడొద్దు, వాటిలో బోరు నీళ్ల కంటే ఉప్పు ఎక్కువ. బియ్యం కడుగు నీళ్లు నిక్షేపంగా పోయొచ్చు.

కాయ అడుగు నల్లగా కుళ్లినట్టు అవుతోంది. కాల్షియం వేయాలా?

అది పురుగు కాదు, తెగులు కాదు. కాయ కొసకు కాల్షియం అందకపోవడం వల్ల వస్తుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది. అది నీళ్లతోపాటే పైకి వెళ్లాలి, నీళ్లు ఒక రోజు ఉండి ఒక రోజు లేకపోతే కొస దాకా వెళ్లదు. నీళ్లు సమంగా పోయండి, చెనక్కాయ పొట్టు కప్పండి, నల్లబడ్డ కాయలు తెంపేయండి. తర్వాతి గుత్తి బాగుంటుంది. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందవు. ఎప్సమ్ సాల్ట్ వేయమని చాలామంది చెబుతారు. అందులో ఉన్నది మెగ్నీషియం, ఎక్కువైతే కాల్షియం వేరుకు అందకుండా అడ్డుపడుతుంది కూడా. ఈ సమస్యకు అది వేయకండి.

షేడ్ నెట్ కట్టాలా?

చలికాలంలో వద్దు. ఫిబ్రవరి చివర నుంచి పడమటి వైపు 50 శాతం నెట్, అంటే ఎండను సగం ఆపేది, కట్టండి, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతి ఎండ ఆపితే చాలు. పొద్దుటి ఎండ పూర్తిగా పడనివ్వండి. నెట్ మొక్కకు ఆనకుండా అడుగు దూరంలో ఉండాలి. పాత కాటన్ చీర కట్టినా పనవుతుంది.

నెట్ కడితే మే నెలలో కూడా కాస్తుందా అని అడుగుతుంటారు. కాయదు, మొక్క బతుకుతుంది అంతే. అప్పటికే ఉన్న కాయలకు ఎండదెబ్బ తగిలి తెల్ల మచ్చలు పడకుండా మాత్రం కాపాడుతుంది.

ఆకులు ముడుచుకుంటున్నాయి. వైరసా?

పైకి దోనెలా ముడుచుకుని, కింది ముదురు ఆకుల్లో మొదలై, రంగు పచ్చగానే ఉంటే అది ఎండ వల్ల. భయం లేదు. కొస చిగురు ఆకులు చిన్నవై, అంచులు పసుపు తిరిగి, ముడతలు పడి, మొక్క ఎదుగుదల ఆగిపోతే అది ఆకుముడత వైరస్. దానికి మందు లేదు. ఎంత ప్రేమగా పెంచిందైనా పీకేసి కవర్లో కట్టి పారేయండి, పక్క మొక్కలు దక్కుతాయి.

ఆ వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. మొక్కను కదిలిస్తే పొడి రాలినట్టు తెల్లగా లేస్తుంది. నారు దశ నుంచే పసుపు జిగురు అట్టలు రెండు వేలాడదీయండి. వారానికోసారి సాయంత్రం లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మార్చి నుంచి ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున బూజు గూడు లాంటి దారాలు కనిపిస్తాయి. అది పొడి వేడిని ఇష్టపడుతుంది, మూడు రోజులకోసారి ఆకు అడుగుభాగాన్ని నీళ్లతో కడిగితే చాలావరకు అదుపులో ఉంటుంది.

ఎరువు ఏం వేయాలి, ఎప్పుడెప్పుడు?

గుప్పెడు చెనక్కాయ చెక్కను (నూనె తీశాక మిగిలే పిండి) రెండు లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, తేటకు పదింతలు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి మగ్గు చొప్పున పోయండి. మూత పెట్టండి, వాసనకు పక్కింటివాళ్లు ఇబ్బంది పడతారు. పూత మొదలయ్యాక చెక్క నీళ్లు సగానికి తగ్గించి, నెలకోసారి రెండు గుప్పిళ్లు వర్మీకంపోస్ట్ వేయండి. ఆకు ముదురు పచ్చగా, దట్టంగా ఉండి పూత లేకపోతే ఎరువు ఆపేయాలి.

కోతులు వస్తాయి. ఏం చేయాలి?

కొండ పక్క కాలనీల్లో ఇది నిజమైన కష్టమే. ఎర్రబడ్డ కాయ కనిపిస్తే వదలవు, కుండీ కూడా పడేసి పోతాయి. కాయ దోరగా ఉన్నప్పుడే, అడుగున లేత గులాబి రంగు తిరగ్గానే కోసుకుని ఇంట్లో పండబెట్టండి. రుచిలో తేడా ఉండదు, ఆ దశకు కాయ చెట్టు నుంచి తీసుకోవాల్సింది తీసేసుకుంటుంది. ఉడతలకూ ఇదే మందు. బాల్కనీకి గట్టి వల కట్టించుకోగలిగితే ఇంకా నిశ్చింత.

తుపాను వచ్చినప్పుడు?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, సరిగ్గా మొక్క ఎదిగే కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మా కుండీలు మూడు రోజులు నీళ్లలోనే నానాయి. కింది రంధ్రాలు పూడిపోయాయని తర్వాత చూసుకున్నాను, రెండు మొక్కలు వేరు కుళ్లి పోయాయి. తుపాను హెచ్చరిక రాగానే రంధ్రాలు పుల్లతో పొడిచి చూడండి, ఇటుకల మీద ఉన్నాయో లేదో చూడండి, కుండీలను లోపలి గోడకు జరపండి, కాండాన్ని ఊతకర్రకు పాత బనీను గుడ్డతో వదులుగా కట్టండి. వాన వెలిశాక నేలకు దగ్గరగా ఉన్న ఆకులు, గోధుమ మచ్చలు పడ్డవి కోసేయండి.

నాలుగు రోజులు ఊరెళ్లాలి. నీళ్లెవరు పోస్తారు?

ఎత్తు మీద నీళ్ల బకెట్ పెట్టి, లావు నూలు తాడు ఒక కొస నీళ్లలో, ఇంకో కొస కుండీ మట్టిలో నాలుగు అంగుళాల లోతున పెట్టండి. వెళ్లే ముందు రెండు రోజులు ప్రయత్నించి చూసుకోండి. చలికాలంలో ఇది సరిపోతుంది. మార్చిలో సరిపోదు, పక్కింటి వాళ్లకు తాళం ఇచ్చి వెళ్లడమే దారి. తిరిగొచ్చాక వాళ్లకు నాలుగు పండ్లు ఇవ్వండి.

పండు ఎర్రగా కాకుండా పసుపుగా, నారింజ రంగులో ఆగిపోతోంది.

30 డిగ్రీలు దాటితే కాయలో ఎరుపు రంగు సరిగ్గా తయారుకాదు. మార్చి కాయలను దోరగా కోసి వంటింట్లో చల్లటి మూలన, కాడ కిందికి ఉండేలా పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, రుచి పోతుంది.

ఒక మొక్కకు ఎన్ని కాయలు? ఖర్చు గిట్టుబాటు అవుతుందా?

మంచి నెలల్లో నాకు మొక్కకు కిలోన్నర నుంచి రెండు కిలోలు వస్తాయి. ఎనిమిది కుండీలు మా నలుగురికి జనవరి, ఫిబ్రవరి నెలల్లో చారుకూ, పుల్లగూరకూ, వారానికోసారి రాగిసంగట్లోకి ఊరిబిండికీ సరిపోతాయి. డబ్బు లెక్క చూస్తే మొదటి ఏడాది గిట్టదు. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు అందరూ మొక్కలు వేస్తామన్నారు. అయితే ధర పెరిగే ఆ నెలల్లో మన బాల్కనీలో కాయ ఉండదు. ధర కోసం వేయకండి. చెట్టున దోరగా కోసిన కాయ రుచి కోసం, మందు కొట్టని పండును పిల్లల చేతిలో పెట్టడం కోసం వేయండి.

కాపు అయిపోయాక ఆ మట్టి పారేయాలా?

వద్దు. మన ఎండ పనికొచ్చేది ఇక్కడే. ఏప్రిల్ చివర్లో మొక్కలు పీకేసి, వేర్లు ఏరేసి, మట్టిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో పలుచగా నింపి మూతి బిగించి ఎండలో పడేయండి. గంగజాతర వెళ్లి, రోళ్లు పగిలే రోహిణి కార్తె కూడా దాటేదాకా, ఐదారు వారాలు అలాగే ఉంచండి. ఆ వేడికి తెగుళ్లు, పురుగు గుడ్లు చాలావరకు చచ్చిపోతాయి. జూన్‌లో విప్పి మూడోవంతు కొత్త ఎరువు కలిపి తోటకూరో గోరుచిక్కుడో వేసుకోండి. అదే మట్టిలో వెంటనే టమోటా, వంకాయ, మిరప వేయకూడదు, మూడూ ఒకే కుటుంబం, ఒకే తెగుళ్లు. బకెట్ల మీద నంబర్లు రాసుకుని ఏ ఏడు దేంట్లో ఏం వేశారో గోడ క్యాలెండర్ వెనక రాసి పెట్టుకోండి. వినాయక చవితి దగ్గర పడ్డప్పుడు ఏ మట్టిలో నాటాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.